ఎర్రగీత ఇవతల పూలబుట్ట

మా మేడంగారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఆ సంగతి మాకు మధ్యాహ్నం షిఫ్టు దిగాక గానీ తెలియలేదు. కంపెనీకి తెలియక కాదు. మేం లోపలికి వెళ్లకముందే ఆవిడ భర్త ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పారు. ఇప్పుడు చెబితే ఆడపిల్లలు ఏడుస్తారు, పని ఆగిపోతుంది, బ్యాచ్ అయ్యాక చెప్పండి అని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. ఫోన్లు లాకర్లలో పెట్టి లోపలికి వెళ్తాం కాబట్టి మాకు ఇంకో దారి లేదు. ఆవిడ నేర్పిన పని, ఆవిడ నేర్పినట్టే, ఆవిడ లేరని తెలియకుండా పూట పూటంతా చేసి బయటికొచ్చాం.

కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను. నేనింకా ఆ కంపెనీలోనే పనిచేస్తున్నాను. ఇది చదివి ఎవరైనా పిలిపిస్తే వెళ్లి ఇవే మాటలు చెబుతాను.

దెందులూరు దాటాక హైవే పక్కన, వరిచేలకూ చేపల చెరువులకూ మధ్యలో ఉంటుంది మా కంపెనీ. కంట్లో వేసుకునే చుక్కల మందు తయారుచేస్తాం. సెలైన్ లాంటివైతే సీసా నింపి, మూత బిగించాక కూడా ఆవిరి వేడిలో పెట్టి శుద్ధి చేస్తారు. మా ప్లాస్టిక్ సీసాలు ఆ వేడికి ఆగవు. అందుకని మందుని వేరే, సీసాల్ని వేరే శుద్ధి చేసి, గాలితో సహా శుభ్రం చేసిన గదిలో నింపి, అక్కడే మూత బిగించాలి. బిగించాక తప్పు దిద్దుకోవడానికి లేదు. ఆ గదిని మేం తెల్లగది అంటాం. మేడంగారు మా క్వాలిటీ హెడ్డు. రోజూ తాడేపల్లిగూడెం నుంచి వచ్చి ఆ గదికి కాపలా కాసేవారు.

మాది కలిదిండి వైపు. మా నాన్న చేపల చెరువు మీద పనిచేసేవాడు. నేను కొత్తగా చేరినప్పుడు, బట్టలు మార్చుకునే గదిలో ఇద్దరు ముక్కు ఎగబీల్చి పక్కకి జరిగారు. నీచు వాసనట. నాకు అక్కడికక్కడే ఇంటికి వెళ్లిపోవాలనిపించింది. మేడంగారు చూశారు. నన్ను పంపు దగ్గరికి తీసుకెళ్లి, నా చేతుల్ని గోళ్ల కింద నుంచి మోచేతుల దాకా తనే సబ్బుతో తోమి కడిగారు. తర్వాత వాళ్లిద్దర్నీ పిలిచారు.

"ఇలా కడిగిన చేతికి ఊరుండదు, కులముండదు. కడగని చెయ్యి ఎవరిదైనా సరే, నాదైనా సరే, లోపలికి రాదు. మీ చేతులు చూపించండమ్మా."

వాళ్లకి గోళ్లరంగు ఉంది. ఆ పూట ఇద్దరూ బయటే కూర్చున్నారు.

లోపలికి వెళ్లాలంటే గాజులు తియ్యాలి, కాటుక కడగాలి, బొట్టు తియ్యాలి, పూలు తియ్యాలి. మగవాళ్లు చెప్పినంత తేలిక కాదు ఇది ఆడవాళ్లకి. కొత్తగా పెళ్లైన పిల్లలు గాజులు తీస్తూ ఏడ్చేవారు. మొగుడు నిక్షేపంలా ఉండగా ఈ బోసి చేతులేంటని ఇంట్లో అత్తలు సాధించేవారు. మేడంగారు వాళ్లని కూర్చోబెట్టి చెప్పేవారు.

"మీ ఇళ్లల్లో ప్రసాదం చేసేటప్పుడు మడి కట్టుకుంటారు కదా, ఎవర్నీ తాకరు కదా. ఇదీ అంతే అనుకోండి. అది దేవుడి కోసం, ఇది మనం ఎప్పుడూ చూడని ఒక ముసలాయన కన్ను కోసం."

తెల్లగది వైపు తలుపు ముందు నేల మీద ఒక ఎర్రగీత గీయించారు. గీతకి ఇవతల ఒక స్టూలు, దాని మీద వెదురుబుట్ట, బుట్టలో తడిగుడ్డ. పూలు తీయడానికి ఎవరైనా గునిస్తే, "తీసెయ్యమ్మా, మళ్లీ ఇస్తాగా" అనేవారు. ఇచ్చేవారు కూడా. షిఫ్టు దిగేసరికి బుట్ట పట్టుకుని నిలబడి, "నీ మల్లెలు, ఇదిగో నీ కనకాంబరాలు" అంటూ ఎవరివి వాళ్లకి అందించేవారు. ఎండల్లో కూడా ఒక్క మాల వాడేది కాదు. తను మాత్రం పనిరోజున పువ్వు పెట్టుకునేవారు కాదు. ఆదివారం పెట్టుకుంటాలే అనేవారు. ఆదివారాలు చాలావరకు కంపెనీలోనే గడిచేవి.

జలుబు చేస్తే తనకి కూడా లోపలికి ప్రవేశం లేదనేవారు. అద్దం అవతల కుర్చీ వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ, మమ్మల్ని చేతిసైగలతో ఆడించేవారు. ఒకసారి ఆవిడ సైగ అర్థంకాక మేం నలుగురం కలిసి నవ్వితే, నవ్వితే మాస్కు జారుతుందని ఇంకో సైగ చేశారు. అది మాత్రం అందరికీ అర్థమైంది.

ఇక దసరా సంగతి. ఒక ఏడు పండక్కి ముందు, మందు నింపే కొత్త మెషిన్ వచ్చింది. ఆయుధపూజ బయట వరండాలో చేయడానికి మేడంగారే ముగ్గు వేయించి, అరటిపిలకలు కట్టించారు. యజమానిగారు కుటుంబంతో, పురోహితుడితో వచ్చి వరండా వైపు కూడా చూడలేదు.

"మెషిన్‌కి బొట్టు పెట్టకుండా పూజేంటమ్మా?" అన్నారు.

"బయట చేద్దామండీ. అమ్మవారు తలుపుకి ఇవతల కూడా ఉంటారండీ. లోపల పొగ, పూలు, కొబ్బరినీళ్లు పడితే ఆ గది పనికిరాదండీ."

"అన్నిటికీ నీ రూల్సేనా?" అని ఆయన చెప్పులు విప్పారు. చెప్పులు విప్పితే చాలనుకున్నారు. ఎర్రగీత దాటి, తలుపులు బార్లా తెరిపించి, బంతిపూల దండలతో, సాంబ్రాణి పొగతో అందరూ లోపలికి వెళ్లారు. మెషిన్‌కి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దాని ముందే కొబ్బరికాయ కొట్టారు. మేడంగారు తలుపు దగ్గర రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నారు. మొక్కుతున్నారో, బతిమాలుతున్నారో ఆ నిమిషంలో నాకు తెలియలేదు.

అంతటితో అయిపోలేదు. ముహూర్తం దాటకముందే మందు నింపాలన్నారు. గది కడిగి, క్రిములు చావడానికి మందుపొగ పెట్టి, పరీక్ష చేశాకే నింపాలని మేడంగారు చెబితే, గుడ్డతో తుడిచి మొదలుపెట్టమన్నారు. ఆపడం ఆవిడ చేతిలో లేదు. కానీ నింపిన సరుకు గేటు దాటాలంటే ఆవిడ సంతకం కావాలి. అందుకని ఆవిడ చేయగలిగింది చేశారు. క్రిములకి మేతలాంటి జెల్లీ పోసిన గాజు ప్లేట్లు గదిలో అక్కడక్కడా మూతతీసి పెట్టించారు. గాల్లో ఏముంటే అది వాటి మీద వాలుతుంది. వెచ్చటి పెట్టెలో కొన్నాళ్లు ఉంచితే పెరిగి కంటికి కనిపిస్తుంది.

ఆ బ్యాచ్ శుక్లాల ఆపరేషన్లు చేసే శిబిరానికి వెళ్లాల్సింది. కోత పడిన కళ్లలో వేసే చుక్కలు. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ల ముసలివాళ్లు వస్తారక్కడికి. మా నాయనమ్మ కూడా అలాంటి శిబిరంలోనే చేయించుకుంది. రోజూ ఫోన్లు వచ్చేవి, సంతకం పెట్టమని. మేడంగారు ప్లేట్లు చూసే దాకా పెట్టనన్నారు.

చూశాం. కొన్నిటి మీద నల్లటి బూజు, కొన్నిటి మీద పసుప్పచ్చటి చుక్కలు. ఆవిడ వాటిని ట్రేలో పెట్టి నా చేతికిచ్చి, నన్ను వెంటబెట్టుకుని యజమానిగారి గదికి వెళ్లారు. ట్రే ఆయన బల్ల మీద పెట్టించారు.

"ఇది మన గదిలో గాలండీ."

"సీసాల్లోకి పోయిందని రుజువేంటి?"

"పోలేదని రుజువేంటండీ? ఇది కోసిన కంట్లో పడితే ఆ కన్ను ఇక రాదండీ."

"ఇన్నేళ్లూ ఏమీ కాలేదు కదమ్మా."

"కానివ్వలేదండీ."

గొంతు పెంచలేదు. ఆ బ్యాచ్ మొత్తం పనికిరాదని సంతకం పెట్టి, ఆఖరి సీసా యంత్రంలో నలిగే దాకా అక్కడే నిలబడ్డారు. ఆ శిబిరానికి మందు వేరే చోటి నుంచి వెళ్లింది. ఎవరి కన్నూ పోలేదు. పోని కళ్ల గురించి ఎవరూ మాట్లాడుకోరు కాబట్టి ఆవిడ చేసింది ఏమిటో బయట ఎవరికీ తెలియదు.

దానికి దక్కిన బహుమానం అట్టపెట్టెల గోడౌన్. ప్రమోషన్ అని పేరు పెట్టి అక్కడ కూర్చోబెట్టారు. మానేస్తారని వాళ్ల లెక్క. మానలేదు. తెల్లగది తలుపు ఆవిడకి మూసేశారు గానీ, ఎర్రగీతకి ఇవతల నిలబడొద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పొద్దున మా చేతులు చూసేవారు, మధ్యాహ్నం వచ్చి పూలు ఇచ్చేవారు. ఇప్పుడు మా కంపెనీలో దసరా పూజ బయటే జరుగుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లకి యజమానిగారు ఆ ఎర్రగీత చూపించి, ఇది మా పద్ధతండీ అని చెబుతారు. మా పద్ధతట.

ఆవిడ పోయిన రోజు పొద్దున గీత దగ్గర కనిపించకపోతే సెలవు పెట్టారనుకున్నాం. మధ్యాహ్నం సంగతి తెలిసి మేం ఏడుస్తూ కంపెనీ బస్సెక్కితే డ్రైవరుగారు ఎవర్నీ అడగలేదు, బస్సుని తాడేపల్లిగూడెంలో ఆవిడ ఇంటి వైపు తిప్పారు. మేం వెళ్లేసరికి యజమానిగారు అక్కడున్నారు. కంపెనీ పేరు రాసిన పెద్ద పూలచక్రం గోడకి ఆనించి ఉంది. "మా కంపెనీలో శుభ్రత అంటే ఈవిడేనండీ. మా ఇంట్లో మనిషి పోయినట్టుంది" అని చుట్టాలకి చెబుతున్నారు.

"ఇంట్లో మనిషి పోతే మధ్యాహ్నం దాకా దాస్తారా అండీ?" అన్నాను. ఆయన ఫోన్ చూసుకుంటూ వీధిలోకి వెళ్లిపోయారు.

అరుగు మీద ఒక పెద్దావిడ పక్కావిడతో అంటోంది, "పూజకి అడ్డంపడిందటగా. అమ్మవారు ఊరుకుంటుందా?" ఆ మాట ఏ ఇంట్లో పుట్టి గూడెం దాకా నడిచొచ్చిందో నాకు తెలుసు. శుక్రవారం దీపం పెట్టకుండా మంచినీళ్లు ముట్టని మనిషి మా మేడంగారు.

"ముసలివాళ్ల కళ్లు కాపాడారండీ ఆవిడ. దానికి అమ్మవారికి కోపం ఎందుకొస్తుందండీ?" అన్నాను. అండీలు పెట్టే అన్నాను. అయినా ఆ పెద్దావిడ ముఖం ముడుచుకుంది.

లోపల మేడంగారిని పడుకోబెట్టారు. నుదుటిన రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. రోజూ స్పిరిట్‌తో తుడిచి తుడిచి తెల్లగా పొరలు లేచిన ఆ చేతులకి గాజులు నేను ఎప్పుడూ చూడలేదు. మాలో ఒకమ్మాయి స్టూలు మీది బుట్టని అలాగే బస్సులో తెచ్చింది. పొద్దున మేం తీసిన పూలు తడిగుడ్డలో అలాగే ఉన్నాయి. ఎవరివి వాళ్లకి ఇచ్చే మనిషి లేక ఎవరం తీసుకోలేదు. మల్లెలు, కనకాంబరాలు, ఒకరి చామంతి, అన్నీ ఒక్కొక్కరం వెళ్లి ఆవిడ తలలో పెట్టాం. పెట్టడం అయిపోయినా ఎవరం అక్కణ్ణుంచి కదల్లేదు. తీసెయ్యమ్మా, మళ్లీ ఇస్తాగా అంటారేమోనని అలాగే నిలబడ్డాం.