శవం వేషంలో మా నాన్న, కెమెరా వెనక మా అన్నయ్య

నిన్న పొద్దున వదిన ఫోన్ చేసి, "రాణీ, మీ అన్నయ్య లేవట్లేదమ్మా" అంది.

మొన్న ఆదివారమే కదా, చర్చిలో ప్రసంగం మధ్యలో నన్ను నవ్వించి తిట్లు తినిపించింది.

మా పెద్దన్నయ్య రత్నం.

మన ఇంటి పిల్లల్లో చాలామందికి తెలియదు. అన్నయ్య ఒక సినిమా తీశాడు.

డెబ్బైల్లో పటమటలో మా నాన్నగారి హోటల్. కింద టిఫిన్లు, పైన ఆరు గదులు. వండేదీ వడ్డించేదీ మేమే. ఎవరినో బతిమాలి తెచ్చిన కెమెరాతో అందులోనే తీశాడు. హోటల్లో దిగిన గెస్టు పోతాడు. టిఫిన్ తినేవాళ్లకి తెలియకుండా శవాన్ని బయటికి చేర్చడానికి ఆ ఫ్యామిలీ పడే తిప్పలే కథ. దాన్ని డార్క్ కామెడీ అంటారని అప్పుడు మాకెవరికీ తెలియదు.

నాన్న ససేమిరా అన్నారు. "చావు జరిగిన హోటల్లో ఇడ్లీ ఎవడు తింటాడ్రా? ఇన్నేళ్ల పేరు గంగలో కలిపేస్తావా?"

అమ్మ పోరు పడలేక చివరికి ఒప్పుకున్నారు.

శవం వేషానికి కంకిపాడు నుంచి ఒకాయన వచ్చాడు. ముక్కులో దూది పెట్టబోయేసరికి వాళ్లావిడ, బతికున్న మనిషికి ఇదేం అపశకునం అని రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

సాయంత్రానికి కెమెరా తిరిగిచ్చేయాలి. అన్నయ్య మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

నాన్న కౌంటర్లోంచి లేచొచ్చారు. "ఆ దూది ఇటివ్వు" అన్నారు.

షూటింగ్ అని కింద తింటున్నవాళ్లకి చెప్పాలి కదా. అన్నయ్య చెప్పాడని మేము, మేము చెప్పామని అన్నయ్య.

నలుగురు నాన్నని బల్ల మీద మోసుకుంటూ మెట్లు దిగారు. హోటలంతా లేచి నిలబడింది. మా చర్చి మరియమ్మ గారు ఏడుస్తూ పాట ఎత్తుకున్నారు. రిక్షా తొక్కే ఏసోబు ఎంగిలి చేత్తోనే నాన్న కాళ్లు పట్టుకున్నాడు.

"ఏనాడూ నన్ను వాకిట్లో నిలబెట్టలేదు కదయ్యా. లోపలికి పిలిచి, బల్ల మీద కూర్చోబెట్టారు కదయ్యా."

అన్నయ్య కట్ చెప్పలేదు.

శవం కళ్లలోంచి నీళ్లు కారాయి.

మర్నాడు హోటల్ కిటకిట. లేచొచ్చిన ఓనర్ని చూడ్డానికి ఉయ్యూరు నుంచి కూడా వచ్చారు. ప్రభువులా మూడో రోజు దాకా ఆగలేకపోయారా అండీ అని పాస్టర్ గారు నాన్నని ఆటపట్టించారు.

సినిమా వేసిన రోజు హాలంతా పడీపడీ నవ్వింది. ఆ కన్నీళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్కరూ కదల్లేదు. మా అన్న తీసిన షాట్ అది. ఇప్పటికీ నాకు ఎంత గర్వమో.

లైట్లు వేశాక నాన్న అడిగింది ఒకటే. "మన హోటల్ పేరు వెయ్యలేదేంట్రా?"

అన్నయ్య మళ్లీ సినిమా తీయలేదు. నాన్న తర్వాత తనే ఆ కౌంటర్లో కూర్చున్నాడు. ఎందుకు తీయలేదంటే, "మనిషి పోయాక చెప్పుకునే మాటలు నాన్న బతికుండగానే విన్నారు. ఇంకేం తీయను?" అనేవాడు.

నిన్న నీ గురించీ అలాంటి మాటలే చెప్పుకున్నారు అన్నయ్యా, వాకిలి పట్టనంత జనం.

నువ్వు వినలేదన్నదే నా బాధ.

వెళ్లిరా. ప్రభువు దగ్గర హాయిగా ఉండు.