అసహ్యం లేని అక్క

లాండ్రీ అక్కకు అసహ్యం అనేదే లేదని చుట్టాలందరూ ఏనాడో తేల్చేశారు. తండ్రి పెట్టిన లాండ్రీ షాపులో ఆవిడ పని బట్టలు విడదీయడం. జనం తెచ్చి పడేసిన మూటలు విప్పి చెమట చొక్కాలు ఒకవైపు, రోగుల దుప్పట్లు ఇంకోవైపు, చంటిపిల్లల పక్కగుడ్డలు వేరే తొట్టిలో వేయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే బట్టలిచ్చేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని తండ్రి ఒప్పుకునేవాడు కాదు. అందుకని చిన్నతనంలోనే నోటితో ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకుంది. మూట విప్పే ముందు పెదాలు కొంచెం తెరుస్తుంది, చూసేవాళ్ళకు నవ్వుతున్నట్టు ఉంటుంది. ఆ నవ్వు చూసి ఎంత ఓపికో అని మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకోవడానికి వాళ్ళ సొమ్మేం పోయింది? ఇంటికెళ్ళాక అన్నం ముద్ద గొంతు దిగక ఆవిడ కంచం ముందు నుంచి లేచిపోయిన రోజులు ఎవరికీ పట్టలేదు.

అలాంటి అక్కను చెల్లెలు విదేశయాత్రకు రమ్మంది. కొండల మీదుగా కారులో వెళ్ళి సముద్రం ఒడ్డున తేలే దారట, ఫోటోల్లో చూస్తేనే కడుపు నిండిపోతుందట. జన్మలో షాపు గడప దాటలేదు, ఒక్కసారైనా హాయిగా కూర్చుని చూద్దువుగాని రమ్మని బతిమాలింది. అక్క పొంగిపోయింది. ఆవిడను కూర్చోమన్నవాళ్ళే తక్కువ మరి. ఎవరి మురికీ నానబెట్టని నీళ్ళు ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆవిడకు ఎప్పటినుంచో కోరిక. షాపుకు తాళం వేసి, కొత్త చెప్పులు కొనుక్కుని బయలుదేరింది.

ఆ దేశంలో దిగి అద్దె కారు ఎక్కాక గానీ ఎవరి చోటు ఎక్కడో తెలియలేదు. కారు నడిపేది మరిది. పక్క సీట్లో ఫోను పట్టుకుని చెల్లెలు. వెనక అక్క, ఆవిడకు అటు చెల్లెలి నాలుగేళ్ళ పాప, ఇటు మరిది తల్లి. పాపకు మలుపులు పడవు. పెద్దావిడకు అసలు కారే పడదు. ఈ సంగతి ముందు సీట్లవాళ్ళకు మొదటినుంచీ తెలుసు, అక్కకు మొదటి కొండ ఎక్కుతుంటే తెలిసింది.

పాప నేరుగా ఆవిడ ఒళ్ళో కక్కింది. పెద్దావిడ కవరులోనే కక్కింది గానీ సగం కవరు బయటే పడింది. విరిగిన పాల కంపు కారంతా కమ్ముకుంది. ఏసీ పోతుందని మరిది అద్దాలు దించనివ్వలేదు. చెల్లెలు తన ముక్కుకు సెంటు రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ లోయ చూడక్కా ఎంత బావుందో అంటూ ఫోటోలు తీసుకుంది. అక్క కంటికి కనిపించిన లోయ పాప గౌను మడతల్లో ఉంది. వేలితో తోడి తీసింది.

కొండ మీద కారు ఆపినచోట మన భాషవాళ్ళే ఒక జంట కలిశారు. వెనక సీటు తుడుస్తున్న ఆవిడ ఎవరని మాటవరసకు అడిగారు.

"పాపను చూసుకోవడానికి తెచ్చుకున్నామండీ. తనకి అసహ్యం అనేదే ఉండదు" అంది చెల్లెలు.

అక్క అనే మాట ఆ నోట రాలేదు. కారు తలుపు తెరిచే ఉంది, ప్రతి అక్షరం వినపడింది. అప్పటిదాకా ఓర్చుకున్న ఆవిడ రోడ్డు పక్కకు వెళ్ళి వంగి కక్కుకుంది. ఎవరూ చూడలేదు, అందరూ జంటతో ఫోటో దిగుతున్నారు.

మధ్యాహ్నానికి సముద్రం వచ్చింది. కారు ఆగీ ఆగకముందే అక్క దిగి, ఇసుకలో నడిచి, చీర తడుస్తున్నా మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. వెనక నుంచి పాప మళ్ళీ కక్కిందని కేక వినపడింది. మళ్ళీ పిలిచారు. అక్క తిరిగి చూడలేదు.

చివరికి చెల్లెలే నీళ్ళ దాకా వచ్చింది. చేతినిండా కక్కు, ఆ చేతిని ఒంటికి దూరంగా చాపి పట్టుకుంది.

"వినపడట్లేదా? నావల్ల కాదక్కా, నాకు అసహ్యం."

"నాకూ అసహ్యమే. చిన్నప్పుడు నీ పక్కగుడ్డలు ఉతికినప్పుడూ అసహ్యమే."

చెల్లెలు ఇంకో అడుగు నీళ్ళలోకి వేసింది.

"మరి ఎందుకు చేశావు?"

"చెల్లెలివని."

అల ఒకటి వచ్చి ఇద్దరి కాళ్ళూ తడిపి పోయింది. చెల్లెలి చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది.

"కడుక్కో. పాప ఏడుస్తోంది, వెళ్ళు" అంది అక్క. తను మాత్రం కదల్లేదు.