మూడో చరణంలో చప్పుడు

ఆర్జీలియా మాబ్రీకి పైవరసలో ముందు పన్ను లేదు. కట్టుడు పన్ను పెట్టించుకోమని చర్చి ఆడవాళ్లు ఎంత పోరినా ఆమె వినలేదు. "ఊడిపోయిన పన్నయితే పెట్టించుకుందును. ఇది ఊడింది కాదమ్మా, ఊడగొట్టింది," అనేది. ఎవరు ఊడగొట్టారని కొత్తవాళ్లు అడిగేవాళ్లు. పాతవాళ్లు అడిగేవాళ్లు కాదు. వాళ్లకు ఆమె చెప్పిన పేరు తెలుసు, నమ్మడమే ఇష్టం లేదు. ఆ పేరు లెమ్యుయల్ గాంట్. మిసిసిపీ డెల్టాలో మా పల్లెలకు ఉన్న ఒకే ఒక్క పేరున్న పాటగాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ, లెమ్ కళ్లు ఏటేటా పెరిగి చేటలంతయ్యాయి.

బతికున్నప్పుడు ఆ కళ్లు ఎలా ఉండేవో ఆర్జీలియాకు తెలుసు. పదహారేళ్లకు అతన్ని చేసుకుంది. పెళ్లయిన వారానికే మొక్కజొన్న జావలో ఉప్పెక్కువైందని గంజు తీసి మొహం మీద కొట్టాడు. తర్వాత కంచరగాడిదను కాడికి కట్టే తోలుపట్టె వచ్చింది, ఆ తర్వాత మంగలికత్తి. మోచేతి నుంచి మణికట్టు దాకా చీరి, మళ్లీ తనే సారా పోసి గుడ్డ కట్టి, ఆ కట్టు పక్కన కూర్చుని గిటారు వాయించాడు. ఒకసారి ఆమె కూడా ఊరుకోలేదు. పంది కొవ్వు మరుగుతున్న పెనం ఎత్తి అతని మెడ మీద కుమ్మరించింది. ఆ రోజు తిన్న దెబ్బలకు ఆమె ఎడమ చెవిలోంచి రక్తం కారి, ఆ చెవి సగం మూతపడింది.

పొలం దొర గుర్రమెక్కి వచ్చి లెమ్‌ని కేకలేశాడు. ఆమె మీద జాలితో కాదు.

"పత్తి ఏరే రోజుల్లో చేతుల మీద కొడతావేంట్రా, బుద్ధి లేదూ? ఏరడం అయ్యాక నీ పెళ్లాం, నీ ఇష్టం."

లెమ్ టోపీ తీసి సరేనన్నాడు. ఆ మాట మీద మాత్రం నిలబడ్డాడు. ఆ పంట చేతికొచ్చేదాకా చేతులు తప్ప మిగతా ఒళ్లంతా వాడుకున్నాడు.

అలాంటి రోజుల్లోనే పాటలు గ్రామఫోను ప్లేట్లకెక్కించే కంపెనీవాళ్లు లెమ్‌ని మెంఫిస్‌కి పిలిపించారు. పక్కన ఆడగొంతు ఉంటే బాగుంటుందన్నారు. హోటల్ గదిలో కిటికీలకు బొంతలు కట్టి, ఎర్రబల్బు వెలిగితే మొదలెట్టమన్నారు. మైనపు ప్లేటు తిరుగుతుంటే పాట అందులోకి దిగుతుంది. మధ్యలో ఆగితే ఆ ప్లేటు దండగే. పాటేమో ఇల్లు ఆలస్యంగా చేరిన పెళ్లాన్ని మొగుడు బెదిరించేది. అతను బెదిరించిన ప్రతిసారీ ఆమె "నీ మాటే నా మాట" అనాలి. పాట రాసినవాడికి ఊహ కోసం ఎక్కువ దూరం పోయే పని లేకపోయింది.

మూడో చరణంలో ఆర్జీలియా తన మాటను తాళానికి ఒక్క దెబ్బ ముందు అందుకుంది. లెమ్ ఎడమ చిటికెన వేలికి ఇత్తడి గొట్టం తొడుక్కుని తీగల మీద జార్చి వాయించేవాడు. కుడి బొటనవేలు తీగల్ని మీటుతూనే ఉంది. ఎడమచెయ్యి గిటారు మెడ వదిలి, వెనక్కి తిరిగి, ఆమె నోటి మీద పడింది. ఏ తీగా నొక్కకపోయినా శ్రుతిలోనే మోగేలా బిగించిన గిటారు కాబట్టి పాట ఎక్కడా తెగలేదు. ఇత్తడి పంటికి తగిలి టక్కుమంది, అంతే. కంపెనీ మనిషి తల ఎత్తి చూశాడు. కానివ్వమని వేలు గిరగిర తిప్పాడు. ఆర్జీలియా రక్తమూ ఊడిన పన్నూ కలిపి మింగి, తర్వాతి మాట సమయానికి అంది. అక్కణ్నుంచి పాట అయ్యేదాకా ఆమె గొంతులో ప్రతి మాట వెనకా సన్నగా ఈల వచ్చింది.

లెమ్ ఎలా బతికాడో అలాంటి చావే చచ్చాడు. ఊరి చివర సారా కొట్లో పాచికల దగ్గర మాటామాటా పెరిగి ఒకడు ఐసు పొడిచే సూది అతని గొంతులో దించాడు. బల్ల కింద గిలగిల కొట్టుకుంటుంటే, ఇంకో గిటారువాడు వచ్చి ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాడట. శవం దగ్గర ఆర్జీలియా ఏడవలేదు. ఆమె ఏడవలేదని ఊరంతా ఏడ్చింది. తర్వాత పత్తిమిల్లులో పనిచేసే మాబ్రీని చేసుకుంది. చెయ్యెత్తడం తెలియని మనిషి. అతని గురించి ఎవరూ పాట కట్టలేదు.

ఏళ్లు గడిచాక ఉత్తరాది నుంచి కుర్రాళ్లు పాత ప్లేట్ల కోసం ఇంటింటికీ తిరిగారు. లెమ్ ప్లేటు లోకం మొత్తానికి ఒక్కటే దొరికింది, అదీ ఎవరి మంచం కిందో, అరిగి, గీతలు పడి. దాన్నే పెద్ద ప్లేటుగా మళ్లీ వేశారు. నూనెలో అప్పడాలు వేయించినట్టు చిటపటలు. ఆ చిటపటల మధ్య, మూడో చరణంలో, టక్కుమని ఆ చప్పుడు ఉంది. ఆర్జీలియా ఆ ప్లేటు కొని దాచుకుంది. ఎవరైనా "పోనీలేమ్మా, అంత మంచి పాటగాడు..." అని మొదలెడితే పాట పెట్టి, ఆ చప్పుడు రాగానే పంటిసందులో వేలు పెట్టి చూపించేది. వాళ్లు గీత అనేవాళ్లు, గిటారు డొక్క మీద తట్టాడనేవాళ్లు. అననీ. దేవుడూ ఆ ప్లేటూ, ఆమెకున్న సాక్షులు ఇద్దరే.

డెనిస్ కోల్బ్ వచ్చేనాటికి ఆమెకు ఎనభై దాటాయి. పాత పాటల్ని శుభ్రం చేసి కొత్త డిస్కులు చేయడం అతని వృత్తి. లెమ్ సమాధికి రాయి పెట్టిస్తున్నామనీ, శనివారం చర్చి ఆవరణలో సభ అనీ, ముందు వరసలో కుర్చీ ఆమెదేననీ చెప్పడానికి ముందురోజే వచ్చాడు. ఆమె చెల్లెలి కూతురు జెర్లీన్ క్యాట్‌ఫిష్ వేయించి పెట్టింది. తిన్నాక కోల్బ్ వరండాలో కొత్త డిస్కు పెట్టాడు.

చిటపటలు లేవు. లెమ్ పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంది. ఆర్జీలియా తనకు తెలియకుండానే కుర్చీ వెనక్కి జరుపుకుంది. మూడో చరణం వచ్చింది, పోయింది.

"మళ్లీ వెయ్యి."

మళ్లీ వేశాడు. మళ్లీ పోయింది.

"నా పన్నేది బాబూ?"

"ఏ పన్నండీ?"

"ఇక్కడ టక్కుమనాలి."

కోల్బ్ మొహం వెలిగిపోయింది. పని తెలిసినవాణ్ని పని గురించి అడిగితే అంతే. "అదా అమ్మా, అది గీత. అన్నిట్లోకీ మొండిది. ఎంత గీకినా పోలేదు. చివరికి రెండో చరణంలోంచి గిటారు ముక్క తెచ్చి దాని మీద అతికించాను. ఆ తర్వాత మీ గొంతులో ఏదో ఈల, ప్లేటు అరిగిపోయి వచ్చిందనుకుంటా. అదీ సరిచేశాను."

ఆర్జీలియా అతని చెయ్యి పట్టుకుని, వేలు తీసి తన పంటిసందులో పెట్టింది. "ఇదీ గీతేనా?"

తర్వాత ఆ గది గురించి, ఇత్తడి గొట్టం గురించి చెప్పింది. కోల్బ్ వేలు వెనక్కి తీసుకుని చాలాసేపు దాన్నే చూసుకున్నాడు. నమ్మాడు. ఆ మాట ఒప్పుకోవాలి, అతను మొదటిసారికే నమ్మాడు.

"డిస్కులు అచ్చయిపోయాయమ్మా," అన్నాడు చివరికి.

ఆర్జీలియాకు ఒళ్లు మండిపోయింది. లెమ్ కొట్టి వదిలేశాడు. ఈ పెద్దమనిషి అసలు కొట్టనే లేదని లోకానికి చాటింపు వేశాడు.

"అయితే నోటితో చెప్పు. రేపు, అందరి ముందర, మైకులో."

"సమాధి మీద ఆ మాటెందుకు పెద్దమ్మా?" అంది జెర్లీన్, పళ్లేలు తీస్తూ.

"వాడి సమాధి మీద కాక నా సమాధి మీద చెప్పిస్తావేంటే?"

కోల్బ్ చెబుతానని మాటిచ్చాడు. మెట్లు దిగుతూ మళ్లీ వెనక్కి తిరిగి, తప్పకుండా చెబుతానన్నాడు.

శనివారం డేరా వేశారు. ఎక్కడెక్కణ్నుంచో జనం వచ్చారు, రేడియోవాళ్లు కూడా. ఆర్జీలియా రొమ్ము మీద ఎవరో తెల్లపువ్వు గుచ్చారు. కోల్బ్ మైకు ముందు నిలబడి జనాన్ని చూశాడు, కొత్త రాయిని చూశాడు. ఆమెను మాత్రం చూడలేదు. అక్కడే ఆమెకు అర్థమైపోయింది.

"ఈ పాటలో గాంట్ గారి పక్కన నిలబడి గొంతు కలిపిన ఆయన భార్య ఈరోజు మనతో ఉన్నారు," అన్నాడు. "ఆ ఇద్దరి అన్యోన్యత మీరే వింటారు."

చప్పట్లు కొట్టారు. అతను మీట నొక్కాడు. లౌడుస్పీకర్లలో లెమ్ లేచాడు.

మూడో చరణం మొదలవగానే ఆర్జీలియా కుర్చీలోంచి లేచింది. కర్ర ఊనుకుంటూ మైకు దాకా నడిచింది. కావలించుకోవడానికి వస్తోందనుకుని కోల్బ్ చేతులు చాచి వంగాడు. ఫొటోలవాళ్లు ముందుకు తోసుకున్నారు. ఆమె పాటలో సరిగ్గా ఆ చప్పుడు ఉండాల్సిన చోటు వచ్చేదాకా ఆగి, వెనక్కి తిప్పిన చేత్తో, అతని నోటి మీద కొట్టింది. వేలి ఉంగరం పంటికి తగిలింది. మైకు అక్కడే ఉంది కదా, డేరా అంతా టక్కుమని వినిపించింది.

కోల్బ్ కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి. పెదవి చీలి రక్తం తెల్లచొక్కా మీదికి జారింది. ఇద్దరు మగవాళ్లు లేచారు. జెర్లీన్ అడ్డం పరుగెత్తింది.

"కూర్చోండి," అంది ఆర్జీలియా. "పాట ఆగలేదుగా. ఆ రోజూ ఆగలేదు." కోల్బ్ వైపు తిరిగింది. "నోట్లో రక్తంతో నేను పాడాను. నువ్వు మాట్లాడలేవా నాయనా?"

కోల్బ్ రుమాలు తీయబోయి మానేశాడు. మైకు పట్టుకున్నాడు. ఈ పాటలోంచి తాను ఒక చప్పుడు తీసేశానని, అది గీత కాదని, లెమ్యుయల్ గాంట్ ఇత్తడి గొట్టంతో భార్య పన్ను ఊడగొట్టిన చప్పుడని చెప్పాడు. నిన్ననే తెలిసిందని, భయపడి దాచానని కూడా చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కట్టుడు పన్ను పెట్టించుకోమని ఏళ్ల తరబడి పోరిన ముసలావిడ ఒకామె రెండో వరసలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆర్జీలియా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. కొట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"ఇంక ఆపించవే, జెర్లీన్. ఆ పిల్ల గొంతు వినలేకపోతున్నాను."

జనాన్ని తప్పించుకుని జెర్లీన్ మీట దాకా వెళ్లేసరికి కాస్త ఆలస్యమైంది. అంతదాకా ఆ పదిహేడేళ్ల పిల్ల నీ మాటే నా మాట అని లెమ్‌కి చెబుతూనే ఉంది.