లోపల ఎవరున్నరు?

మా సార్ పోయారన్న కబురు నాకు మా ఆయన తెచ్చాడు. పొద్దుటి షిఫ్టుకని బొగ్గు బాయికి వెళ్ళినవాడు లాంపు రూము దగ్గర ఆ మాట విని, డ్యూటీ మానుకొని ఇంటికి వచ్చేశాడు. గడపలోనే నిలబడి, "మీ సార్ పోయిండట. దవాఖాన నుంచి తీసుకస్తున్నరట," అన్నాడు. నేను ఆఫీసుకు టిఫిన్ డబ్బా కట్టుకుంటున్నాను. మూత పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. "ఎవరు చెప్పిన్రు, పక్కానా?" అని అడిగాను. లాంపు రూములో చెప్పిన మాట తప్పు కాదని నాకు తెలుసు. అయినా అడిగాను.

మా సార్ గోదావరిఖనిలో మా బొగ్గు కంపెనీ ఆఫీసు వెనకవైపు కంప్యూటర్ గదికి ఇన్‌చార్జి. నేను అక్కడ ఆపరేటర్‌ని. నాకు పని నేర్పింది ఆయనే. ఈ రోజు ఎవరైనా నన్ను పనిమంతురాలు అంటే అది ఆయన చలవే.

ఆ గదిలో బీరువా అంత మిషన్ ఒకటి ఉండేది. మన ఇళ్ళల్లోకి అప్పుడప్పుడే వస్తున్న కంప్యూటర్లకు లెక్కలు చేసే ప్రాసెసర్ ఒకటే ఉంటే, దీనికి నాలుగు. సున్నా నుంచి మూడు దాకా వాటికి నంబర్లు. మౌసు పట్టుకొని బొమ్మల మీద నొక్కే పని కాదు. నల్లటి తెర మీద కమాండ్ కొట్టాలి. పీఎస్ఆర్ ఇన్ఫో అని కొడితే ఏ ప్రాసెసర్ పనిలో ఉందో, ఏది ఖాళీగా కూర్చుందో చెప్పేది. పీఎస్ఆర్ ఏడీఎం అని కొట్టి చిన్న ఎఫ్, పక్కన నంబరు పెడితే ఆ ప్రాసెసర్ పని మానేసేది. ఎఫ్ బదులు ఎన్ పెడితే మళ్ళీ పనిలోకి ఎక్కేది. మిషన్ ఆపక్కర్లేదు, మిగతావి వాటి పని అవి చేసుకుంటాయి. నడుస్తున్న లారీకి చక్రం ఊడదీసినట్టు ఇదెక్కడి విడ్డూరమని మొదట్లో నాకు నమ్మబుద్ధి కాలేదు.

సార్‌ది మంథని. ఇంట్లో అందరూ పంతుళ్ళు, గుళ్ళో పూజ చేసేవాళ్ళు. ఈయన ఒక్కడు బొగ్గు వైపు వచ్చాడు. మొదటి ఉద్యోగం బాయి మీద లాంపు రూములో. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళ అక్కడ ఇచ్చి లాంపు తీసుకుంటాడు, పైకి వచ్చాక లాంపు వాపస్ ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా ఒక మనిషి కిందనే ఉన్నట్టు. తర్వాత పరీక్షలు రాసి, కంప్యూటర్లు నేర్చుకొని, మా గదికి పెద్ద అయ్యాడు. కానీ లాంపు రూము ఆయనలోంచి పోలేదు.

ఎండలు మండే రోజుల్లో కూడా ఏసీ చలికి స్వెటరు, తల మీద మంకీ క్యాపు. జేబులో సోంపు పొట్లం. ఎవరైనా ఫైలు పట్టుకొని హడావుడిగా వస్తే ముందు ఇంత సోంపు చేతిలో పోసి, అది నమిలేదాకా మాట్లాడనిచ్చేవాడు కాదు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు గలగలమంటే మేమంతా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. ఆయన మాత్రం పీఎస్ఆర్ ఇన్ఫో కొట్టి నాలుగూ కుదురుగా ఉన్నాయని చూసుకొని, "ఉన్నయ్, ఉన్నయ్. పని చేసుకోన్రి," అనేవాడు.

ఆయనకు ఒక నియమం ఉండేది. ఏ ప్రాసెసర్‌ను ఆపాలన్నా కమాండ్ రాసి, ఎంటర్ కొట్టే ముందు చేయి ఎత్తేసి, గట్టిగా అడిగేవాడు: "లోపల ఎవరున్నరు?" గదిలో ఇంకొకరు తమ తెర మీద చూసి, ఆ ప్రాసెసర్‌కు కట్టేసిన పని ఏదీ లేదని రూఢి చేసుకొని, "ఎవ్వరు లేరు సార్," అని జవాబు చెప్పాలి. ఆ జవాబు రాకపోతే ఎంటర్ లేదు. చాయ్‌కి పోయినవాళ్ళు తిరిగి వచ్చేదాకా చేయి గాలిలోనే. ఇంకొకటి, ఆపే లైను కొట్టక ముందే, దాన్ని మళ్ళీ లేపే లైను ఇంకో తెర మీద రాసి పెట్టుకోవాలి. "గాభరాల చేతులు సరిగ ఆడయ్ బిడ్డ. లేపుడు ముందుగాల రాసి పెట్టుకో," అనేవాడు.

నిజం చెప్పాలంటే ఈ తంతు నాకు ఒళ్ళు మండించేది. ఒకసారి నోరు జారాను. "సార్, ఇది మిషన్. లోపల మనుషులుండరు."

ఆయన కోప్పడలేదు. సోంపు పొట్లం నా వైపు జరిపి, "మిషన్ల ఉండకపోవచ్చు. మిషన్ ఎనుక ఉంటరు," అన్నాడు. నేను సోంపు నమిలి పనిలో పడ్డాను.

ఆ మాట అర్థమైన రోజు ఒకటి వచ్చింది. ఆ రోజుల్లో మా మిషన్ మీద ఒక బాయి గ్యాసు లెక్కలు కూడా నడిచేవి. కింద గోడలకు బిగించిన మీటర్ల నుంచి తీగల మీద అంకెలు వచ్చేవి. మండే గ్యాసు ఎక్కడ ఎంత ఉందో తెర మీద గీతలుగా కనిపించేది. సార్ దాన్ని గాలి ప్రోగ్రాం అనేవాడు. దానికి రెండో నంబరు ప్రాసెసర్‌ను ప్రత్యేకంగా కేటాయించి, దానికే కట్టేశాడు. వేరే ఏ పనీ అందులోకి రాదు, ఇది వేరే దేంట్లోకీ పోదు. "బాయిల గాలికి దాని తొవ్వ దానికుంటది. ఈడ గూడ ఉండాలె," అని, దానికి వేరే దారి ఇచ్చానని మురిసిపోయాడు. మాకూ బాగుందనే అనిపించింది.

ఒక పొద్దున ఆ రెండో నంబరు ప్రాసెసరే తప్పులు చూపించడం మొదలుపెట్టింది. తెర మీద హెచ్చరికలు ఒకదాని మీద ఒకటి. అది అలాగే ముదిరితే మిషన్ మొత్తం పడిపోతుంది. పడితే లేవడానికి చాలా సేపు. అంతసేపూ కింద గ్యాసు ఎంతుందో పైనున్నవాళ్ళకు కనిపించదు. ఆ బాయిలో, ఆ షిఫ్టులో మా ఆయన ఉన్నాడు.

సార్ నా వైపు ఒకసారి చూశాడు, ఆ షిఫ్టు సంగతి ఆయనకు తెలుసు. కీబోర్డు ముట్టకుండా ముందు ఫోనెత్తి బాయికి చేశాడు. "మా దాంట్ల గడబిడ ఉన్నది. లెక్క రాకపోవచ్చు. షిఫ్టు సర్దార్‌ను చేతి మీటరు పట్టుకొని తిరగమనున్రి. మనుషులను గాలొచ్చే తొవ్వకు తీసుకరాన్రి." అవతలివాళ్ళు బొగ్గు ఆగుతుందని గునిసినట్టున్నారు. "బొగ్గు రేపన్న వస్తది," అని ఫోను పెట్టేశాడు.

ఇంతలో పై ఆఫీసరు గదిలోకి వచ్చాడు. మంచివాడే, కంగారు మనిషి. "ఇంకా చూస్తారేంటి, పెద్ద ఎఫ్ పెట్టి ఆపెయ్యండి," అన్నాడు. చిన్న ఎఫ్ పెడితే, ఆ ప్రాసెసర్‌కు ఏదైనా పని కట్టేసి ఉంటే, బిజీ అని చెప్పి ఆగదు. పెద్ద ఎఫ్ అవేవీ వినదు, కట్లు తెంపి మరీ ఆపేస్తుంది. తెగిన పని ఏమవుతుందో మాలో ఎవరికీ తెలియదు.

సార్ చిన్న ఎఫ్‌తోనే లైను రాశాడు. ఎప్పటిలాగే చేయి ఎత్తి, "లోపల ఎవరున్నరు?" అన్నాడు.

నేను చూశాను. మెల్లగా చెప్పాను. "గాలి ప్రోగ్రాం ఉన్నది సార్."

"నేనే కట్టిన," అన్నాడు సార్. అందరి ముందూ, ఆఫీసరు ముందూ. "దానికి తొవ్వ ఇచ్చిన అనుకున్న, బయటికి వచ్చే తొవ్వ మూసిన. నాదే తప్పు. ముందు దాన్ని బయటికి తీసుకస్త, అటెన్క ఆపుత."

గాలి ప్రోగ్రాంను విప్పి సున్నా నంబరుకు మార్చాడు. తెర మీద గీత కదులుతోందా అని అడిగాడు. కదులుతోంది. మళ్ళీ అడిగాడు, "లోపల ఎవరున్నరు?" నేను ఈసారి గట్టిగానే చెప్పాను, "ఎవ్వరు లేరు సార్." చిన్న ఎఫ్, రెండు, ఎంటర్. హెచ్చరికలు ఆగిపోయాయి. గీత మాత్రం ఆగలేదు.

సార్ మంకీ క్యాపు తీసి టేబుల్ మీద పెట్టి, "పా బిడ్డ, పోదాం," అని స్కూటరు తీశాడు. నన్ను బాయి మీదికి తీసుకెళ్ళి లాంపు రూము అరుగు మీద కూర్చోబెట్టాడు. షిఫ్టు దిగేదాకా నా పక్కనే కూర్చున్నాడు. ఒక్కొక్కరు వచ్చి లాంపులు ఇస్తున్నారు. మా ఆయన నల్లటి ముఖంతో వచ్చి మమ్మల్ని చూసి నివ్వెరపోయాడు. "ఏందే, గిట్లొచ్చినవ్? ఏమైంది?"

"ఏం కాలే," అన్నాడు సార్. "లాంపు ఇయ్యి, చాయ్ తాగుదాం." మా ఆయన తన బిళ్ళ తీసుకునేదాకా ఆయన అరుగు దిగలేదు.

నిజంగానే ఆ రోజు ఏమీ కాలేదు. సర్దార్ చేతి మీటరులో గ్యాసు లేదు. చాలా కాలం తర్వాత పుస్తకాలు చదివి తెలుసుకున్నాను, పెద్ద ఎఫ్ పెట్టినా ప్రోగ్రాం వేరే ప్రాసెసర్‌కు పోయి నడిచేదట. నవ్వుతూ సార్‌కు చెప్పాను, మనం అనవసరంగా అంత భయపడ్డామని. ఆయనా నవ్వాడు. "అవునా? మంచిది. మరి ఆ పొద్దు తెలుసా మనకు?" అన్నాడు. నేను మళ్ళీ ఆ నియమం మీద సణగలేదు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చింది. గోదావరిఖని చౌరస్తాలో చల్లిన రంగులు ఇంకా ఆరకముందే మా గదికి కొత్త మిషన్లు వచ్చాయి. అన్ని పనులూ వాటి మీదికి మార్చాం. పాత మిషన్‌ను బంద్ చేయడం ఒక్కటే మిగిలింది. అది సార్ చేతుల మీదుగా కావాలని అందరి కోరిక. ఆయన సరేనని తన మూల టేబుల్ దగ్గర కూర్చున్న రోజే కడుపులో నొప్పి అన్నాడు. "నేనొచ్చినంక బంద్ చేద్దాం," అని లేచి వెళ్ళాడు. ఆ వెళ్ళడమే.

దినకర్మలన్నీ అయ్యాక ఆఫీసు నుంచి నాకు చెప్పారు, ఆ మిషన్ ఆపెయ్యండి అని. గదిలో నేను, కొత్తగా చేరిన అమ్మాయి. సాయంత్రం, ఇంటికి తీసుకెళ్ళడానికి మా ఆయన వచ్చాడు. ఎప్పుడూ గేటు దగ్గరే నిలబడేవాడు, ఆ రోజు లోపలికి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. నేను మూడో నంబరు ఆపాను, ఆ గడబిడ తర్వాత మార్పించిన రెండోది, ఒకటోది. సున్నా మిగిలింది. ఆఖరి ప్రాసెసర్‌ను మిషన్ ఆపనివ్వదు, మొత్తం మిషన్‌నే బంద్ చేయాలి. ఆ లైను రాసి చేయి ఎత్తాను. అలవాటు.

"లోపల ఎవరున్నరు?"

మిషన్‌లో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో ఆ అమ్మాయి తన తెర మీద చూసింది. "సార్ ఉన్నరు మేడం," అంది.

దవాఖానకు లేచి వెళ్ళిన రోజున సార్ లాగౌట్ చేయలేదు. మిషన్ లెక్కలో ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. నా తెర మీద మా ఇద్దరి పేర్లు కాక ఆయన పేరు ఒక్కటే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ పిల్ల భయపడి, "ఏం కాదు మేడం, బంద్ చేస్తే అదే పోతది గదా," అంది. నిజమే, అదే పోతుంది. నా చేయి ఎంటర్ మీదికి పోలేదు.

మా ఆయన దగ్గరికి వచ్చి తెర మీది పేరు చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదివాడు. తర్వాత మెల్లగా, "మరి పైకి తీసుకరా," అన్నాడు.

లేచి మూలకు వెళ్ళి సార్ కుర్చీలో కూర్చున్నాను. టేబుల్ మీద సోంపు పొట్లం ఉంది. దుమ్ము పట్టిన ఆయన తెర మీద ఒక లైను రాసి ఉంది, ఎంటర్ కొట్టకుండా. పీఎస్ఆర్ ఏడీఎం, ఎన్, మూడు. ఆపడం మొదలుపెట్టక ముందే లేపే లైను రాసి పెట్టుకున్నాడు. దాన్ని ఒక్కొక్క అక్షరం చెరిపాను. ఎగ్జిట్ అని కొట్టాను.

"ఎవ్వరు లేరు మేడం," అంది అవతలి నుంచి ఆ అమ్మాయి.

నేను వెంటనే లేవలేదు. సార్ తెర మీద ఇప్పుడు లాగిన్ అన్న మాట ఒక్కటే ఉంది, పక్కన పేరు కోసం కొంచెం ఖాళీ. మా ఆయన నా భుజం మీద చేయి వేసి అలాగే నిలబడ్డాడు.