మెట్టతామర మందులో అవ్వ మింగేసిన మాట

యసోథాన్ పట్టణం దగ్గర చిన్న ఆసుపత్రి వెనకవైపు, మూలికల గదిలో పనిచేసే బువాలైకి ఒక అలవాటుంది. గాజు పళ్ళేలను వెచ్చని పెట్టెలో పెట్టి తలుపు వేశాక, రెండు చేతులూ జోడించి ఒక్క క్షణం నిలబడుతుంది.

"లోపల పెరిగేది బూజే కదక్కా, దానికి దండమెందుకు?" అని మందుల డాక్టరమ్మ నంతిదా నవ్వుతుంది.

"దానికి కాదు డాక్టరమ్మా. దాని మధ్యలో ఒంటరిగా కూర్చుందే మన ఆకు రసం, దానికి."

ఆరో తరగతితో చదువు ఆపి, సీసాలు కడగడానికి ఆ గదిలోకి వచ్చిన మనిషి బువాలై. కడుగుతూ కడుగుతూనే పని పట్టుకుంది. బంగాళాదుంపలు ఉడికించిన నీళ్ళలో చక్కెర, సముద్రపు నాచు పొడి వేసి కాచి పళ్ళెంలో పోస్తే జున్నులా గడ్డకడుతుంది. బూజుకు అదే మేత. ఆ బూజును ఏ మూలిక ఆపుతుందో చూడడమే అక్కడి పరీక్ష. మిగిలిన దుంపల్ని ఎండుకారంతో దంచి, బంకన్నంలోకి నంజుకోమని ఊడ్చే ఆమె దగ్గర్నుంచి డాక్టరమ్మ దాకా అందరికీ పంచుతుంది. పరీక్ష ఉన్న రోజు అక్కడ ఎవరి కడుపూ ఖాళీగా ఉండదు.

ఆ ఏడాది నాట్లలో, బురదలో నిలబడీ నిలబడీ ఊరి ఆడవాళ్ళ కాళ్ళకు తామర పట్టింది. చిన్నప్పుడు తన తామరను పోగొట్టిన ఖంపూన్ అవ్వ మందు బువాలైకి గుర్తొచ్చింది. మెట్టతామర చెట్టు ఆకుతో చేసేది. దాన్ని ఆసుపత్రి అలమరలో పెట్టించమని ఆమే బతిమాలింది. పరీక్షలో నెగ్గితే పెడతామన్నారు, లేకపోతే లేదన్నారు. అవ్వకు ఎనభై దాటాయి, నేర్చుకునేవాళ్ళు లేరు. ఆ మందు ఆమెతోనే పోకూడదని బువాలై తపన.

తయారీ అడగడానికి ఆమే, నంతిదా వెళ్ళింది పర్వదినాన. అవ్వ తెల్లబట్టలు కట్టుకుని, ఆ రోజు పాటించాల్సిన శీలాలు, అంటే నియమాలు పుచ్చుకుని, బౌద్ధ విహారం మండపంలో పెద్దభిక్షువు ఎదుట కూర్చుని ఉంది.

"ఆకు పొద్దున్నే కొయ్యాలి. కోసేముందు చెట్టును అడగాలి. దంచి, ఏడు రోజులు నానబెట్టాలి."

"నీళ్ళలోనేనా అవ్వా?" అంది నంతిదా.

అవ్వ పెద్దభిక్షువు వైపు ఒకసారి చూసి, గబుక్కున కళ్ళు మూసుకుని ధ్యానంలోకి వెళ్ళిపోయింది. సరే, నీళ్ళేననుకున్నారు.

ఏడు రోజులు నానిన రసాన్ని చిన్న కాగితపు బిళ్ళ మీద చుక్కలుగా వేసి, ఆరబెట్టి, తామర తెప్పించే బూజు పూసిన పళ్ళెంలో పెట్టారు. వారం తర్వాత చూస్తే, పోలిక కోసం కొన్న మందు వేసి పెట్టిన బిళ్ళ చుట్టూ బూజు రాని వలయం ఉంది. అవ్వ బిళ్ళ మీదికి మాత్రం బూజు దూదిలా ఎక్కి కూర్చుంది.

"ఇంకొక్కసారి చేద్దామక్కా. అప్పుడూ ఇంతే అయితే, పనిచెయ్యదని రాసెయ్యాలి" అంది నంతిదా మెల్లగా.

బువాలై ఒక బొప్పాయికాయ పట్టుకుని అవ్వ ఇంటికి వెళ్ళింది. సంగతి విని అవ్వ నుదురు కొట్టుకుంది.

"నీళ్ళలోనా! ఆకుకు స్నానం చేయించారటే? మందెట్లా దిగుతుంది? బియ్యం సారాలో నానాలి!"

"ఆ మాట ఆ రోజే చెప్పొచ్చుగా అవ్వా!"

"ఎట్లా చెప్పనే? తాగనని అప్పుడే మాటిచ్చాను. ఎదురుగా పెద్ద గురువుగారు. సారా పేరు ఎత్తలేను, అబద్ధమూ ఆడలేను. కళ్ళు మూసుకోక ఏం చెయ్యను?"

తిరుగు దారిలో బువాలై దుకాణం ముందు ఆగింది. సీసా అడిగేసరికి దుకాణం వాడు నోరు తెరిచాడు.

"ఏం పిన్నీ, వర్షావాస వ్రతమని వానాకాలం మూడు నెలలూ చుక్క ముట్టనిదానివి, సారానా?"

"నాక్కాదురా, ఆకుకి."

"అయితే ఆకుకి నంజుడేమైనా కట్టమంటావా?"

ఆకు సారాలో ఏడు రోజులు నానాక, ఈసారి ఉత్త సారా వేసిన బిళ్ళ కూడా ఒకటి పెట్టించింది నంతిదా. బూజు సారాకే పడిపోయిందని ఎవరూ అనకూడదు కదా. ఆ వారమంతా బువాలై దుంపల్లో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. అందరూ తలొంచుకుని తినేశారు.

వారం తిరిగాక పెట్టె తెరిచారు. సారా బిళ్ళను బూజు కప్పేసింది. అవ్వ బిళ్ళ చుట్టూ మాత్రం నున్నటి ఖాళీ వలయం! నంతిదా స్కేలు పెట్టి ఒకసారి కొలిచి, నమ్మలేక మళ్ళీ కొలిచింది. పద్నాలుగు మిల్లీమీటర్లు. సరిచూసుకోవడానికి పెట్టిన మరో రెండు పళ్ళేల్లోనూ అంతే.

తర్వాతి పర్వదినాన, మందుకు అలమరలో చోటు దొరికిందని చెప్పడానికి ఇద్దరూ విహారానికి వెళ్ళారు. పెద్దభిక్షువు సంతోషించి, ఎదురుగా తెల్లబట్టల్లో కూర్చున్న అవ్వను, "ఏం వేశావమ్మా అందులో?" అని అడిగారు.

అవ్వ టక్కున కళ్ళు మూసుకుంది.

ఆయన నవ్వారు. "ఇరవై ఏళ్ళుగా మా భిక్షువుల కాళ్ళకు రాస్తున్నది ఆ మందే కదా తల్లీ. నాకు ముక్కు లేదనుకున్నావా?"

కళ్ళు తెరవకుండానే అవ్వ చేతులు జోడించింది. పక్కనే కూర్చున్న బువాలై, నవ్వు ఆపుకోలేక, తనూ కళ్ళు మూసుకుంది.