పండగ గంటకు ముందు

మా మేనత్తను అందరూ గంటమ్మ అనేవారు. చర్చి గంట కొట్టే మామయ్య చనిపోయిన వారంలోనే ఆవిడ ఆ గంట తాడు అందుకుంది. ఆడదానికేం చేతనవుతుందని సంఘ పెద్దలు గొణిగితే, "గంటకు లేని పట్టింపు మీకెందుకయ్యా?" అంది. ఇరవై ఆరేళ్లు ఆ తాడు వదల్లేదు. చేతులతో లాగితే భుజాలు పోతాయని, మోకాళ్లు వంచి ఒంటి బరువంతా వేసి లాగేది.

క్రిస్మస్ ఉదయం కొట్టే గంటకు మామయ్య నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు ఆ ఏడు సంఘంలో పోయినవాళ్లకు తలా ఒక దెబ్బ, నిదానంగా. ఆ తర్వాతే పుట్టుక కబురు, గలగలా. కార్డుల మీద అచ్చేసిన, క్రిస్మస్ చెట్టు కొమ్మలకు వేలాడే బంగారు రంగు గంటలను చూస్తే అత్తకు ఒళ్లు మండేది. "గడియారాల్లేని రోజుల్లో పెళ్లయినా, చావయినా, ఇల్లంటుకున్నా గంటే చెప్పేది. జనం దాన్నే నమ్మేవాళ్లు. అందుకే యేసయ్య పుట్టాడన్న కబురూ దాని చేతే చెప్పించారు. ఈ కాగితం గంటలకు నాలుకేదీ?" అనేది.

కిందటేడు సంఘానికి కొత్త అధ్యక్షుడొచ్చాడు. గోపురానికి లౌడ్‌స్పీకరు బిగించి, రికార్డు చేసిన గంటలు తెప్పించాడు. పండగ ముందురోజు తాడు విప్పించేసి, "ఇక విశ్రాంతి తీసుకో పెద్దమ్మా" అన్నాడు. అత్త పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పాపం అతనికి తెలీదు.

మర్నాడు ఆరాధనకు జనం వచ్చేసరికి అత్త గోపురం మీద ఉంది. అరవై తొమ్మిదేళ్ల మనిషి నిచ్చెనెక్కి, గంట నాలుకను రెండు చేతులా పట్టుకుని కొడుతోంది. ఒకటి. రెండు. మూడు. పడిపోతుందేమోనని నాకు భయమేసింది. అయినా దిగమని అనబుద్ధి కాలేదు.

అధ్యక్షుడు నిచ్చెన దగ్గర నిలబడి గొంతు చించుకున్నాడు.

"పండగపూట ఈ చావు గంటేంటి? దిగు పెద్దమ్మా! రికార్డు పెట్టాలి."

"నీ రికార్డుకు ఈ ఏడు ఎవరెవరు పోయారో తెలుసా?"

"దిగుతావా, ఎవరినైనా పైకి పంపించమంటావా?"

"ఇంకొక్క దెబ్బే మిగిలింది నాయనా. మీ అమ్మది. వద్దంటే ఇప్పుడే దిగుతా."

అతని తల్లి ఆ ఏడు వానాకాలంలోనే పోయింది. రికార్డు పెట్టబోతున్న మనిషిని అతను చేత్తోనే ఆపి, తల వంచుకుని నిలబడ్డాడు.

అత్త కొట్టింది. అతను అందరి ముందూ ఏడ్చాడు.

అత్త అప్పటికీ దిగలేదు. చేతులు బొబ్బలెక్కేలా పుట్టుక గంట మొత్తం కొట్టాకే దిగింది. దిగీ దిగగానే అతని ముందుకు చెయ్యి చాచింది.

"తాడెక్కడ పెట్టావ్?"