బెల్టు మీద ఎదుటి జట్టు ఉండదు

గురువారం పొద్దున మా అమ్మాయి హాకీ కోచ్ పోయారు. చింతాద్రిపేటలో ఇంటి మెట్లు దిగుతూ కూలబడ్డారట. కబురు విన్నాక ముందుగా నాకొచ్చింది ఏడుపు కాదు, భయం. సోమవారం సెలక్షన్ కమిటీ ముందు మా పిల్ల తరఫున మాట్లాడేదెవరు? సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

జూనియర్ జట్టు ఎంపికకు మూడేళ్ళుగా ట్రెడ్‌మిల్ పరీక్ష పెడుతున్నారు. మా అమ్మాయి మైదానం నడుమ ఆడే సెంటర్ హాఫ్. ల్యాబులో ఆ ట్రెడ్‌మిల్ మీంచి అందరికంటే ముందు దిగిపోయింది. మాధవరం నుంచి బస్సులో వెళ్ళిన పిల్ల, కాళ్ళ కింద నేల కదలడం ఎన్నడూ ఎరగదు. పడిపోతానని కమ్మీ పట్టుకుంటే వదలమని కసిరారు. ఇంట్లో అలాంటి యంత్రమున్న పిల్లలు హాయిగా పరిగెత్తారు. దీనికి శాస్త్రమని పేరు! నీ కూతురు గనక అంటున్నావంటారా? అవును, నా కూతురు గనకే కంటబడింది. అంతకుముందు ఏళ్ళలో దిగిపోయిన పిల్లల కోసం నేనెక్కడ రాశాను?

ఆ పరీక్ష అయ్యాక, కమిటీని కడిగేస్తూ వ్యాసం రాస్తానంటే కోచ్ నవ్వారు.

"నీ వ్యాసం పక్కన పెట్టు సామీ. యంత్రం అబద్ధం చెప్పదుపా. అడిగినదానికే బదులు చెప్తాది. ఆడ దాన్ని అడగాల్సింది అడగలేదు, అంతే."

ఇరవై ఏళ్ళు తానూ అదే తప్పు చేశానన్నారు. మైదానం చుట్టూ పది రౌండ్లలో వెనకబడినవాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టేవారట. "ఆటలో ఎవురన్నా గుండ్రంగా పరిగెత్తుతారా? నాకది తెలిసేలోపల ఎంతమంది హాకీ వదిలేసినారో."

తరవాత పద్ధతి మార్చుకున్నారు. మ్యాచ్‌కి ఒక్క అమ్మాయినే చూసేవారు, బంతి ఎటు పోయినా సరే. పరుగుకు గీత, మలుపుకు కొక్కెం, నిలబడితే చుక్క. ఆట అయ్యాక కాగితం ఆ పిల్లకే ఇచ్చేవారు. ఒక ఆడపిల్లను డెబ్బై నిమిషాలు, కేవలం ఆమె పని కోసం, అంత శ్రద్ధగా చూసిన మగవాణ్ణి నేను ఇంకొకరిని ఎరగను. తండ్రినైన నేనూ అలా చూడలేదు.

కిందటి ఆదివారం కోచ్, ఆ ట్రెడ్‌మిల్ పరీక్ష చేసిన ల్యాబు డాక్టరును బతిమాలి మైదానానికి రప్పించారు. చేతికి పెన్సిలిచ్చి, మా అమ్మాయిని మాత్రమే చూడమన్నారు. సగం ఆట కాకముందే కాగితం నిండింది.

"ఇదేందయ్యా, ఈ పిల్ల నిలబడనే నిలబడదా?"

"నిలబడతాది సార్. ఎనిమిది ఊపిర్లు. మళ్ళీ పోతాది. మీ బెల్టు మీద ఆ ఎనిమిదికి చోటేదీ?"

"దమ్ము తక్కువే. నా లెక్క తప్పు కాదు."

"కాదు సార్. దాన్ని పెంచే పని నాది. దాంతోనే ఆటంతా కొలిచేసినామంటేనే తప్పు."

డాక్టరు మళ్ళీ కాగితం చూశారు. పిల్లను మ్యాచ్‌లో కూడా చూడమని కమిటీని అడుగుదామన్నారు. ఇద్దరూ కలిసి వెళ్ళాలనుకున్నారు.

ఇప్పుడు డాక్టరు ఒక్కరే. వస్తారో రారో, వచ్చినా గట్టిగా చెప్తారో లేదో. నాకు కేకలేయడం వచ్చు. కానీ చెప్పడానికి చూసి ఉండాలి కదా. అందుకే ఇవాళ ప్రాక్టీస్ మ్యాచ్‌కి కాగితం పట్టుకుని మైదానం గీత పక్కన నిలబడ్డాను. పది నిమిషాల్లో రెండుసార్లు బంతి నా చూపు లాక్కుపోయింది. మళ్ళీ వెతుక్కుంటే మా అమ్మాయి అవతలి కొసన, మోకాళ్ళ మీద చేతులాన్చి వంగి ఉంది. ఎన్ని పరుగులు పెట్టి అక్కడికి చేరిందో నా కాగితంలో లేదు. భుజాలు లేచి పడుతున్నాయి. ఊపిర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు. ఐదు. బంతి అప్పుడే ఆమె వైపు మళ్ళింది.